జున్ను రాళ్ళేరిన బియ్యం

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు, మొన్న మొన్నటి మాటే. ఒక ఊళ్ళో, బస్సు డిపో వెనక వీధిలో, ప్రసూన అని ఒకమ్మాయి ఉండేది. ఆమెకో మొగుడు, ఒక అత్తగారు, నాలుగేళ్ళ కూతురు. కాళ్ళు ఆడించకుండా పడుకుంటేనే చెప్తాను, ముందే అనుకుందాం.

మొగుడి పేరు రత్నం, డిపోలో బస్సులు బాగుచేస్తాడు. అత్తగారి పేరు నాంచారమ్మ. పిల్ల పేరు స్కూలు పుస్తకంలో లాస్య అని ఉంది గానీ, ఇంట్లో ఎవరూ అలా పిలిచిన పాపాన పోలేదు. పుట్టినప్పుడు మెత్తగా ఉందని నాంచారమ్మ జున్ను అంది, అదే ఖాయమైపోయింది.

ఈ ప్రసూన ఉంది చూశావూ, మహా పనిమంతురాలు. ఆమె మడతపెట్టిన చీర ఇస్త్రీ చేసినట్టే ఉండేది. ఆమె ముగ్గు చూడ్డానికి పక్క వీధి ఆడవాళ్ళు పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. వంకర అంటే ఆమెకి గిట్టదు. గోడ మీద క్యాలెండరు వేలెడు పక్కకి జరిగితే, దాన్ని సర్దేదాకా ఆమెకి అన్నం సయించదు. అలాంటి మనిషికి నాలుగేళ్ళ పిల్లనిచ్చాడు దేవుడు. ఆయనకేం, ఇచ్చి ఊరుకున్నాడు.

జున్ను ఎల్కేజీ చదువుతోంది. చదవడం అంటే ఏముంది, టిఫిను డబ్బా మూత పోగొట్టుకుని రావడం. అప్పుడు వాళ్ళకి మూడు వారాలు సెలవులొచ్చాయి. వాళ్ళ టీచరు స్వరూప అమ్మలందరినీ ఫోన్లో ఒక గ్రూపు చేసి, "సెలవుల్లో పిల్లల ముందు పుస్తకాలు పెట్టకండి. ఇంట్లో ఉన్నవాటితోనే రోజుకో ఆట ఆడించండి. ఆటలోనే రంగులొస్తాయి, లెక్కలొస్తాయి, వేళ్ళకి పట్టొస్తుంది" అని రాసింది.

మంచి మాట చెప్పింది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. "పిల్లలు ఆడుతుంటే ఫోటో తీసి పెట్టండి" అని కింద ఇంకో ముక్క కలిపింది. ఇక చూసుకో, అమ్మలందరికీ పూనకం వచ్చేసింది.

మొదటి రోజు ఆట గింజలు వేరుచెయ్యడం. కందిపప్పు, పెసలు, మినుములు గుప్పెడు గుప్పెడు కలిపి పళ్ళెంలో పోయాలి. పిల్ల పచ్చవి ఒక గిన్నెలో, ఆకుపచ్చవి ఒక గిన్నెలో, నల్లవి ఒక గిన్నెలో వెయ్యాలి. ప్రసూన తళతళలాడే మూడు గిన్నెలు తెచ్చి వరసగా పెట్టింది.

జున్ను కూచుంది. ఒక పెసరగింజ తీసి మినుముల గిన్నెలో వేసింది. "అది అక్కడ కాదే" అంది ప్రసూన. "చుట్టపుచూపుగా వెళ్ళిందమ్మా, సాయంత్రం వచ్చేస్తుంది" అంది జున్ను. ఆ తర్వాత కందిపప్పు తీసి ఒక్కొక్క గిన్నెలో ఒక్కొక్కటి వేసింది. వాటికి పెళ్ళి పిలుపులట. ఆ తర్వాత ఇంకో గింజ ముక్కులో పెట్టుకోబోయింది.

ప్రసూనకి ఒళ్ళు మండింది. చెయ్యి లాగేసి, "ఇలా తే" అని తానే కూచుని, టకటకా ఐదు నిమిషాల్లో మూడు రంగులూ వేరుచేసి పడేసింది. చివర్న పిల్ల చెయ్యి పట్టుకొచ్చి గిన్నె మీద పెట్టి ఫోటో తీసింది. గ్రూపులో ఒకటే మెచ్చుకోళ్ళు. ఊఁ కొడుతున్నావా, నిద్రపోయావా?

రెండో రోజు ఆట పిండిబొమ్మలు. చపాతీ పిండిలో కొంచెం పసుపు కలిపి, దానితో పండ్లు చేయించమంది టీచరు. మామిడిపండు, అరటిపండు, జామపండు. జున్ను పిండి తీసుకుని పాము చేసింది. మామిడిపండు చెయ్యవే అంటే ఇంకో పాము చేసింది. అరటిపండన్నా చెయ్యమని బతిమాలితే, పాముకి జ్వరమొచ్చిందని దానికి మంచం చేసింది.

ప్రసూన మళ్ళీ చెయ్యి లాగేసింది. ఆమె చేసిన మామిడిపండుకి తొడిమ కూడా ఉంది, లవంగం గుచ్చింది మరి. అరటిపండ్లు గెల నుంచి కోసిన అత్తం లాగా ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. జామపండు కోసి లోపల గింజలు కూడా చూపించింది. నాలుగేళ్ళ పిల్ల చేసిందంటే ఎవరైనా నమ్ముతారా? గ్రూపులో అందరూ నమ్మారు. నమ్మలేదేమో కూడా, ఎవరి బండారం వాళ్ళకి తెలుసు కదా, ఎవరూ నోరెత్తలేదు.

మూడో రోజు ముగ్గు. వాకిట్లో ఐదు చుక్కలు పెట్టి పిల్ల చేత కలిపించాలి. చూడు, ఏ ఇంట్లోనైనా అది మామూలు ఆటే గానీ, ప్రసూన వాకిట్లో అది యుద్ధమే. జున్ను పిండి పట్టుకుని మొదటి చుక్క దగ్గర మొదలెట్టింది. రెండో చుక్క తగిలింది. మూడో చుక్కని పట్టించుకోకుండా గీత గేటు దాటి వీధిలోకి పోయింది. ఎక్కడికే అంటే, నాన్న దగ్గరికి డిపోకి బస్సు వెళ్తోందంది. ప్రసూన తడిబట్టతో తుడిచింది. రెండోసారీ బస్సే వెళ్ళింది. మూడోసారికి ప్రసూన తల ప్రాణం తోకకొచ్చి, పిండిగిన్నె లాక్కుంది.

అయితే ముగ్గు మరీ బాగుంటే దొరికిపోతాం కదా. అందుకని ఆమె ఎడమచేత్తో వేసింది. ఏం లాభం, ఆ తల్లికి ఎడమచేత్తో వేసినా గీత తిన్నగానే వచ్చింది. ఆఖరికి ఒక రేకుని కావాలని వంకర తిప్పి, పళ్ళు నూరుకుంటూ ఫోటో తీసింది. ఆ వంకర రేకు చూడలేక ఆ రోజంతా ఆమె వాకిట్లోకే రాలేదు.

నాంచారమ్మ అరుగు మీద కూచుని ఇదంతా చూస్తూనే ఉంది. "ఈ చదువు ఎవరిదే అమ్మాయ్, నీదా దానిదా?" అంది.

"ఏం చెయ్యమంటారు అత్తయ్యా, దానికి ఒక్క పనీ సవ్యంగా రాదు. వాళ్ళందరి పిల్లలూ ఎంత చక్కగా చేస్తున్నారో చూడండి" అని ఫోను చూపించింది ప్రసూన. నాంచారమ్మకి ఫోనులో బొమ్మ మసగ్గా కనిపించింది.

అప్పట్నించి రోజూ ఇదే తంతు. పొద్దున్నే ఆట వస్తుంది, పిల్ల చెయ్యి పెడుతుంది, అమ్మ లాగేస్తుంది. పూసలు గుచ్చడమైనా అంతే, గ్లాసుతో నీళ్ళు కొలవడమైనా అంతే, ఆకులు అంటించడమైనా అంతే. పదిరోజులు తిరిగేసరికి జున్ను చెయ్యి పెట్టడమే మానేసింది. పళ్ళెం రాగానే చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుని, "చెయ్యమ్మా, నేను చూస్తా" అనేది.

ప్రసూన దాన్ని చూసి ఏమనుకుందో తెలుసా? పిల్లకి బుద్ధొచ్చింది అనుకుంది. నేల మీద గింజలు పడటం లేదు, గౌనుకి పిండి అంటడం లేదు, అరుపులు లేవు. ఇల్లు అద్దంలా ఉంది. హమ్మయ్య అనుకుంది. ఏమనాలి ఆ అమ్మాయిని.

అప్పుడు టీచరు దగ్గర్నించి కబురొచ్చింది. "అందరికంటే మీ లాస్య బాగా చేస్తోంది ప్రసూన గారూ. స్కూలు తెరిచే రోజు అమ్మలందరూ వస్తారు. ఆ రోజు అందరి ముందూ లాస్య చేత గింజల ఆట ఆడించి చూపిద్దాం. మిగతా పిల్లలకి ఉత్సాహంగా ఉంటుంది."

ప్రసూన వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. పళ్ళెం తెచ్చింది, గింజలు పోసింది, పిల్లని కూచోబెట్టింది.

మొదట బతిమాలింది. "నా తల్లివి కదూ, ఒక్కసారి వెయ్యవే." జున్ను చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకు రాదుగా అమ్మా, నువ్వు వెయ్యి."

ఆ తర్వాత ఆశపెట్టింది. కొబ్బరిలౌజు రెండు ముక్కలు గిన్నెల పక్కన పెట్టింది. జున్ను వాటి వంక చూసి గుటక వేసింది. చెయ్యి మాత్రం రాలేదు.

ఆ తర్వాత గుడ్లురిమింది, కసిరింది, పళ్ళెం ఎత్తి కుదేసింది. కందిపప్పు మంచం కిందకి, పెసలు బీరువా కిందకి, మినుములు ఎక్కడికి పడితే అక్కడికి పోయాయి. జున్ను ఏడవలేదు. ఒక్కొక్క గింజా ఏరుకుంటున్న అమ్మని చూస్తూ నిలబడింది. ఇన్నాళ్ళూ గింజ కింద పడితే పరిగెత్తి తీసుకునే పిల్ల, ఆ రోజు ఒక్కటీ ముట్టుకోలేదు. ప్రసూనకి అప్పుడు కొంచెం భయమేసింది. అయినా సరే, అక్కడికి వెళ్ళాక చేస్తుందిలే అని సర్దిచెప్పుకుంది.

స్కూలు తెరిచిన రోజు వరండాలో చాపలు పరిచారు. అమ్మలందరూ పట్టుచీరలు కట్టుకొచ్చారు, అదేదో పెళ్ళయినట్టు. మధ్యలో చిన్న బల్ల, దాని మీద పళ్ళెం, మూడు గిన్నెలు. టీచరు జున్నుని పిలిచింది. జున్ను వెళ్ళింది, బుద్ధిగా కూచుంది, చేతులు రెండూ వీపు వెనక పెట్టుకుంది.

"వెయ్యమ్మా" అంది టీచరు.

"మా అమ్మ వేస్తుంది మేడం. నాకు రాదు."

"ఎవరు చెప్పారమ్మా నీకు రాదని?"

"ఎవరూ చెప్పలేదు. నేను ముట్టుకుంటే అమ్మ తీసేసి మళ్ళీ చేస్తుంది. అందుకని రాదు." ఇంత మాటా అలిగి అనలేదది. నా గౌను ఎర్రది అన్నంత మామూలుగా చెప్పింది. చెప్పి, వెనక్కి తిరిగి, "రా అమ్మా, అందరూ చూస్తున్నారు" అని పిలిచింది.

ప్రసూన లేచి నిలబడింది. పిల్లకి ఒంట్లో బాలేదని చెప్పచ్చు. నలుగురిలో భయపడుతుందని చెప్పచ్చు. రెండు మాటలూ నాలిక చివర దాకా వచ్చాయి కూడా. కానీ అంతమందిలో ఆ వెనక్కి కట్టుకున్న చిన్న చేతులు కనపడుతుంటే ఆమె ఆ రెండు మాటలూ మింగేసింది. "ఆ ఫోటోలన్నీ నేను చేసినవే టీచర్. మామిడిపండు నాదే, ముగ్గూ నాదే. పిల్లని ఒక్క గింజ కూడా వెయ్యనివ్వలేదు" అంది. అని కూచుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఎవరూ నవ్వలేదు. ఎలా నవ్వుతారు, పక్కన కూచున్నావిడ తన ఫోను మెల్లిగా సంచిలో పెట్టేసుకుంది. టీచరు గిన్నెలు పక్కకి జరిపి, "ఇక ఫోటోలొద్దు. నా తప్పు కూడా ఉంది" అని పిల్లలందర్నీ ఆడుకోవడానికి పంపింది.

అంతటితో జున్ను గింజలు వేరుచేసేసింది అనుకుంటున్నావా? పిల్లలంటే అంత తేలిగ్గా ఉంటే ఇక ఏడవడమెందుకు. ప్రసూన ఇంటికొచ్చి, "ఇవిగోనే, నీ ఇష్టం వచ్చినట్టు వేసుకో, నేనేం అనను" అని పళ్ళెం పెట్టింది. జున్ను చూసి వెళ్ళిపోయింది. పిండి ఇచ్చింది, ముట్టలేదు. ముగ్గుపిండి ఇచ్చి, బస్సు వేస్తావా అని అడిగింది. "నాకు బస్సు రాదు" అంది జున్ను. ఆ మాట వినేసరికి ప్రసూన వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని ఏడిచింది. ఎంత కసిరినా చెయ్యి పెట్టే పిల్లని, తనే కదా చెయ్యి పెట్టకుండా చేసుకుంది.

ఆ తర్వాత వారం నాంచారమ్మకి కంట్లో శుక్లం తీశారు. నల్ల కళ్ళద్దాలు పెట్టి ఇంటికి పంపుతూ, నెలరోజులు కళ్ళకి పని చెప్పొద్దన్నాడు డాక్టరు. వాళ్ళింట్లో బియ్యం నాంచారమ్మ తమ్ముడి పొలం నుంచి వస్తాయి. చిన్న మిల్లులో ఆడిన బియ్యం, రాళ్ళు బాగా ఉంటాయి. ఎన్నేళ్ళుగానో వాటిని ఏరేది నాంచారమ్మే.

ఆదివారం పొద్దున ప్రసూన చేట తీసుకోబోతే, "నువ్వు పోయి నీ పని చూసుకో" అంది నాంచారమ్మ. చేటలో రెండు సోలల బియ్యం పోయించుకుని అరుగు మీద కూచుని, "జున్నూ, ఇలా రావే. రాళ్ళు ఏరాలి, నాకు కనపడవు" అంది.

"నాకు రాదు నానమ్మా."

"నాకు కనపడదంటే నీకు రాదంటావేంటే. మరి అన్నం ఎవరు పెడతారు మనకి? నేను చేట పట్టుకుంటా, నువ్వు చూడు."

జున్ను చేటలోకి తొంగిచూసింది. "తప్పొస్తే?"

"పంటి కిందకి వస్తుంది. ఉమ్మేస్తాం."

జున్ను ఒక చెయ్యి ముందుకి తెచ్చింది. ఒక్కటే. రెండోది ఇంకా వెనకే ఉంది. బియ్యంలోకి వంగి, చాలాసేపు వెతికి, ఒక రాయి తీసి అరుగు మీద పెట్టింది. నాంచారమ్మ బాగుందనలేదు, బాలేదనలేదు. "ఊఁ" అంది, అంతే.

ప్రసూన గుమ్మం దగ్గరకొచ్చింది. పిల్ల రాయితో పాటు నాలుగు మంచి గింజలు పారేస్తోంది. పక్కనే ఇంత రాయి కళ్ళెదుట ఉంటే చూడటం లేదు. ప్రసూన చేతులు జిలపెట్టాయి. లోపలికి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. రెండోసారి వచ్చేసరికి జున్ను రెండో చెయ్యి కూడా ముందుకొచ్చింది, సగం బియ్యం అరుగు మీద ఉన్నాయి. ప్రసూన చేతులు కొంగులో చుట్టుకుని వెనక్కి పోయింది. మూడోసారి వచ్చేసరికి పిల్ల రాళ్ళని వరసగా పేర్చి లెక్కపెడుతోంది. ఆరు తర్వాత తొమ్మిది అంటోంది. ప్రసూన నాలుక కరుచుకుంది. నిజంగానే కరుచుకుంది, నొప్పెట్టింది కూడా. వెళ్ళి ఎసరు పెట్టింది.

ఇంతా చేస్తే ఆ రెండు సోలలు ఏరడానికి పన్నెండు దాటింది. ఆకలికి రత్నం రెండుసార్లు వంటింట్లోకి తొంగిచూసి, పెళ్ళాం చూపు చూసి గమ్మున వెళ్ళిపోయాడు. ఏరిన బియ్యం ప్రసూన చేతికి వచ్చాయి. వాటిని ఇంకొక్కసారి చూసుకుంటే ఎవరికీ తెలియదు. జున్ను వీధిలోకి పరిగెత్తింది, నాంచారమ్మకి నల్లద్దాలు, రత్నం వాకిట్లో ఉన్నాడు. ప్రసూన చేట పట్టుకుని కాసేపు నిలబడింది. ఆ తర్వాత చూడకుండా కడిగి ఎసట్లో పోసేసింది. ఆ అమ్మాయి జన్మలో చేసిన కష్టమైన పని అదే.

అందరూ కూచున్నారు. పప్పు, వంకాయ కూర, మజ్జిగ. జున్ను తినడం లేదు, అందరి నోళ్ళ వంకా చూస్తోంది. ప్రసూన రెండో ముద్ద నోట్లో పెట్టుకుంది. కటుక్కుమంది.

"రాయి వచ్చిందా అమ్మా?"

లేదనబోయింది ప్రసూన. ఈ మధ్య చెప్పిన అబద్ధాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "వచ్చిందే" అంది, ఆ రాయి తీసి కంచం అంచున పెట్టింది.

జున్ను వంగి దాన్ని చూసింది. మొహం చిన్నబుచ్చుకోలేదు. "రేపు ఇంకా బాగా చూస్తా" అంది. ఒక ముద్ద తిని, మళ్ళీ తలెత్తింది. "నేనే ఏరతా. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు."

"పెట్టనులే తల్లీ" అంది ప్రసూన. అని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పిల్ల మెతుకులన్నీ గౌను మీద పోసుకుంటూ తింటుంటే చూస్తూ కూచుంది.

అయిపోయింది. ఇంకా కళ్ళు తెరిచే ఉన్నావా, నా ఖర్మ కాకపోతే. ఇటు తిరుగు.

కథేమో కంచికి,
కాళ్ళేమో దుప్పట్లోకి,
కబుర్లన్నీ మూటలోకి,
మనమిద్దరం నిద్దట్లోకి.